450 మీటర్ల బడికి 3 కిలోమీటర్ల దారి: కొత్త హైదరాబాదులో వీధులు ఒకదానితో ఒకటి ఎందుకు కలవడం లేదు?

ప్రశ్న అడిగినవారు: కొల్లూరు బాటసారి

అందరికీ నమస్కారం. మేము నాలుగేళ్ల క్రితం నగరం పడమటి అంచున, ఔటర్ రింగ్ రోడ్డుకు లోపలి వైపున, ఒక అపార్ట్‌మెంటు కొనుక్కుని వచ్చి చేరాము. ఆరో అంతస్తులో మా బాల్కనీలో నిలబడితే మా అమ్మాయి చదువుకునే బడి నీళ్ల ట్యాంకు, దాని మీద రాసిన అక్షరాలతో సహా కనిపిస్తుంది. పటం మీద కొలిస్తే ఆ దూరం 450 మీటర్లు. బడి బస్సు మాత్రం మా గేటు దాటి వంద అడుగుల రోడ్డెక్కి, ముందుకు పోయి యూటర్న్ తీసుకుని, పాత ఊరి రోడ్డు పట్టుకుని, మళ్లీ ఇంకొక యూటర్న్ తిరిగి, మొత్తం మీద 3 కిలోమీటర్ల పైచిలుకు నడిచి అదే ట్యాంకు కిందికి చేరుతుంది. మా ప్రహరీకి ఆనుకుని వేరొక వెంచర్ ప్రహరీ ఉంది, దాని అవతల విల్లాల వారి గోడ ఉంది, ఆ గోడకు అవతల ఒక నాలా ఉంది. మధ్యలో ఎక్కడా దారి లేదు.

దారి లేదని అనుకునేది కార్లున్న మనమే. మా వెనక గోడ దగ్గర ఒకచోట రెండు వైపులా సిమెంటు ఇటుకలు మెట్లలాగా పేర్చి ఉంటాయి. ఉదయం ఆరున్నరకు ఇళ్లలో పనికి వచ్చే ఆడవాళ్లు చెప్పులు ముందు అవతలికి విసిరి, టిఫిన్ డబ్బా గోడ మీద పెట్టి, కుచ్చిళ్లు దోపుకుని ఎక్కి దిగుతారు. నెలకొకసారి సెక్యూరిటీ వారు ఆ ఇటుకలను తీసి పారేస్తారు. మూడో నాటికి అవి మళ్లీ అక్కడే ఉంటాయి.

నేను పెరిగింది నారాయణగూడలో. అక్కడ వీధులు ఇరవై, ముప్పై అడుగులకు మించి ఉండేవి కావు కానీ, ఒక సందు మూసుకుపోతే ఇంకొక సందులోంచి పోయేవాళ్లం. ఇక్కడ రోడ్లు విశాలంగా ఉన్నాయి, కొత్తవి, తారు నిగనిగలాడుతూ ఉంటుంది, అయినా ఎక్కడికి వెళ్లాలన్నా ఒకే దారి. నేను తెలుసుకోవాలనుకునేది ఇది: వీధుల కలయిక తగ్గిపోతోందన్నది నా భ్రమా, లేక దానిని కొలిచి చూపించే పద్ధతి ఏదైనా ఉందా? పెరుగుతున్న నగరాలన్నింటిలోనూ ఇలాగే జరుగుతోందా? ఒకసారి గోడలు లేచిన తరువాత మళ్లీ కలపడం ఎక్కడైనా సాధ్యమైందా?


జవాబు: పటం పిచ్చి

భ్రమ కాదండీ, కొలవవచ్చు. అందుకు పెద్ద చదువు కూడా అక్కరలేదు. మీరు చెప్పిన 450 మీటర్లు, 3 కిలోమీటర్లు అన్న రెండు అంకెల నిష్పత్తే ఒక కొలత: పక్షి పోయే దూరానికి మనిషి పోయే దూరం ఎన్ని రెట్లు అని. వీధులు చదరంగపు గళ్లలా ఉన్నచోట అది ఎంత చెడ్డా ఒకటిన్నర రెట్లు దాటదు. మీది ఆరు రెట్లు దాటింది.

రెండవ కొలత కూడళ్ల లెక్క. ప్రతి కూడలి దగ్గర ఎన్ని వీధులు కలుస్తున్నాయో చూడాలి. నాలుగు రోడ్ల కూడలికి నాలుగు, మూడు దారుల కూడలికి మూడు, వీధి చివర గోడ తగిలితే ఒకటి. ఒక ప్రాంతంలోని అన్నింటి సగటు తీస్తే ఆ ప్రాంతం ఎంత కలిసి ఉందో తెలుస్తుంది. ఒక చిన్న లెక్క చూడండి. పదహారు కూడళ్లను నాలుగు వరుసల్లో నాలుగేసి చొప్పున గళ్లుగా కలిపితే 24 వీధి ముక్కలు కావాలి, అప్పుడు సగటు సరిగ్గా 3 వస్తుంది. అవే పదహారింటిని చెట్టు కొమ్మల పద్ధతిలో, అంటే ఒక బోదె నుంచి కొమ్మలు, కొమ్మల నుంచి రెమ్మలు చీలినట్టుగా కలిపితే 15 ముక్కలు చాలు, సగటు 2 కంటే తక్కువకు పడిపోతుంది. రోడ్డుకు పోయే స్థలం మిగులుతుంది కాబట్టి లేఅవుట్ వేసేవారికి ఈ రెండో పద్ధతి లాభం. అందులో ఉండేవారికి మాత్రం ఒక రెమ్మ నుంచి పక్క రెమ్మకు పోవాలన్నా బోదె దాకా దిగి రావలసిందే, ఆ బోదె ఎంత వెడల్పు ఉన్నా అందరూ దాని మీదకే వస్తారు కాబట్టి సాయంత్రం ఏడింటికి అది కదలదు. మీ వంద అడుగుల రోడ్డు సంగతి అదే.

ప్రపంచంలో మిగతాచోట్ల ఎలా ఉందన్న దానికి, బారింగ్‌టన్ లీ, మిలార్డ్ బాల్ అనే ఇద్దరు పరిశోధకులు 2015లో అమెరికా మీద, 2020లో, ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటాన్ని ఆధారం చేసుకుని, ప్రపంచమంతటి మీద లెక్కలు వేశారు. అమెరికాలో కొత్తగా వేసిన వీధులు ఇరవయ్యో శతాబ్దం పొడుగునా అంతకంతకూ విడిపోతూ వచ్చి, 1990ల మధ్య నుంచి మళ్లీ కలవడం మొదలుపెట్టాయని మొదటి దానిలో తేలింది. 1975 తరువాతి కాలాన్ని చూసిన రెండవ దానిలో మాత్రం ప్రపంచంలో చాలా చోట్ల కొత్త వీధులు విడిపోయే దిశగానే పోతున్నాయని, గేటెడ్ కమ్యూనిటీలు అందుకు ఒక ముఖ్య కారణమని తేలింది. బొలీవియా, పెరూ, అర్జెంటీనా లాంటి దేశాలు గళ్ల పద్ధతిని వదలలేదు. డబ్బున్న దేశమే సరిగ్గా కడుతుందన్న నియమం ఏమీ లేదన్నమాట.

ఒక హెచ్చరిక. మన దగ్గర ఈ పటంలో గేట్లను చాలామంది గుర్తించరు. లోపలి రోడ్లు గీసి ఉంటాయి, గేటు మూసి ఉందన్న సంగతి ఉండదు, దానితో లెక్కలో కలిసినట్టు కనిపించే వీధులు నేల మీద కలవవు. మీ కాలనీ గేటును, వీలైతే ఆ ఇటుకల మెట్లను కూడా, పటంలో పెట్టండి.


జవాబు: గొలుసు లెక్క

నేను భూమి కొలతల పనిలో ముప్పై ఏళ్లకు పైగా ఉండి విశ్రాంతి తీసుకున్న మనిషిని. పై మిత్రులు ఎంత విడిపోయిందో చెప్పారు, ఎందుకు విడిపోయిందో నాకు తెలిసినంత మేరకు నేను చెబుతాను.

మన నగరం చుట్టూ ఉన్నది ఖాళీ నేల కాదు, ఊళ్లు. ఊరికి ఒక నక్ష, అంటే పటం, ఉంటుంది, నక్షలో సర్వే నంబర్లు ఉంటాయి, సర్వే నంబరుకు పట్టాదారులు ఉంటారు. వాన నీరు పారే తీరును బట్టి, చెరువు శిఖాన్ని (నీరు నిలిచే నేలను) బట్టి, రాతి గుట్టలను బట్టి ఆ గట్లు వంకర టింకరగా పోతాయి. వెంచర్ వేసే ఆయనకు ఒక సర్వే నంబరులో ఆరెకరాలు, పక్క నంబరులో మూడెకరాలు దొరుకుతాయి. ఆ తొమ్మిదెకరాలకు ఒక లేఅవుట్ గీస్తారు, లోపల 30, 40 అడుగుల రోడ్లు చూపిస్తారు, బయటి రోడ్డుకు ఒక ముఖద్వారం పెడతారు. అధికారి ముందుకు వచ్చే కాగితం మీద ఆ తొమ్మిదెకరాలే ఉంటాయి. నాలుగేళ్ల తరువాత పక్క పన్నెండెకరాలకు వేరొక లేఅవుట్ వస్తుంది. అది కూడా నియమాల ప్రకారమే ఉంటుంది. రెండూ ఒక్కొక్కటిగా సక్రమమైనవే, రెండింటి మధ్య దారి మాత్రం ఎవరి కాగితంలోనూ లేదు.

మాస్టర్ ప్లాన్ ఉంది కదా అని అడుగుతారు. ఉంది. అందులో 100 అడుగుల రోడ్లు, 200 అడుగుల రోడ్లు గీసి ఉంటాయి. ఆ పెద్ద రోడ్డుకు, మీ ఇంటి ముందు 30 అడుగుల వీధికి నడుమ, ఒక కాలనీని మరొక కాలనీతో కలిపే 40, 60 అడుగుల దారులు ఉండాలి. వాటిని ప్రభుత్వం ముందుగా గీయలేదు, వెంచర్ వారు తమంతట తాము గీయరు, గీస్తే అమ్ముకునే గజాలు తగ్గుతాయి. మనిషి శరీరంలో పెద్ద నాళాలు ఉండి, వేలి కొసల్లో సన్ననివి ఉండి, మధ్యవి లేకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది మన పడమటి హైదరాబాదు.

నియమం లేదని కాదు. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168లో, గ్రూపు డెవలప్‌మెంటుగా పెద్ద స్థలం కట్టుకునేవారు తమ స్థలం అంచున ఒకవైపు 9 మీటర్ల వెడల్పుతో, లోపలి భూములకు పోవడానికి వీలుగా, ప్రజలందరూ వాడుకునే దారి వదలాలని ఉంది. మంచి నియమం. అయితే ఏ వైపు వదలాలన్నది అనుకూలాన్ని బట్టి నిర్ణయించుకోవచ్చు. ఒకరు తూర్పున వదులుతారు, వారి వెనకవారు పడమట వదులుతారు, రెండు పట్టీలూ ఒకదానినొకటి కలవకుండా వెళ్లి గోడకు తగులుతాయి. అలాంటి ముక్కను ఒకదానిని నేను స్వయంగా కొలిచాను. 9 మీటర్ల వెడల్పు, నూటయాభై మీటర్లకు లోపే పొడవు, మంచి తారు, చివర పది అడుగుల గోడ. గోడకు ఆనించి ఒక ఇస్త్రీ బండి, దాని పక్కన నాలుగు కార్లు. రోడ్డని కాగితం మీద ఉన్నది నేల మీద పార్కింగు స్థలంగా మారింది. ఎవరినీ తప్పు పట్టలేము, చివర మూసుకుపోయిన రోడ్డు అంతకు మించి దేనికి పనికి వస్తుంది?

ఇక విస్తీర్ణం సంగతి. 2007లో మహానగర పాలక సంస్థ ఏర్పడేటప్పుడు పన్నెండు మునిసిపాలిటీలను, ఎనిమిది గ్రామ పంచాయతీలను పాత నగరంతో కలిపారు. 170 చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉన్న నగరం ఒక్క ఉత్తర్వుతో 600 దాటింది. మరుసటి ఏడాది ఏర్పడిన హెచ్‌ఎండీఏ (మహానగర అభివృద్ధి సంస్థ) పరిధి అప్పట్లోనే ఏడు వేల చదరపు కిలోమీటర్లకు పైమాట. ఆ తరువాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు దశలవారీగా పూర్తయింది. ఔటర్ మీద మీరు ముప్పై కిలోమీటర్లు అరగంటలోపు పోగలరు, అందువల్ల ఎక్కడో దూరాన ఎకరా కొనడం తెలివైన పని అయింది. కానీ ఔటర్ అంటే ఎక్కే చోట ఎక్కి దిగే చోట దిగే రోడ్డు, దాని పొడుగునా ఉన్న ఊళ్లకు అది దారి ఎంతో అడ్డు కూడా అంతే. అండర్‌పాస్ ఉన్నచోట ఊరికి అవతలి పొలం దక్కింది, లేనిచోట అవతలి పొలం వేరే ఊరి పొలమైంది.

అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకాల (ఎల్‌ఆర్‌ఎస్) వల్ల బాగుపడుతుందని కొందరు అనుకుంటారు. 2008లో, 2015లో, 2020లో ఎల్‌ఆర్‌ఎస్ దరఖాస్తులు తీసుకున్నారు. అది ప్లాటు కాగితాన్ని సరిచేస్తుంది. ఎవరి ప్లాటుకు వారు రుసుము కట్టి రసీదు తెచ్చుకుంటారు. కాలనీ మొత్తంగా పక్క కాలనీతో ఎక్కడ కలవాలి అన్న ప్రశ్న ఆ దరఖాస్తులో గడిగా కూడా లేదు.


జవాబు: చార్‌కమాన్

గొలుసు లెక్క గారి జవాబు చదివి చాలా నేర్చుకున్నాను. ప్రశ్న అడిగినవారి నారాయణగూడ జ్ఞాపకంతోనే నాకు కొంచెం పేచీ ఉంది. పాత నగరాన్ని మనం అవసరానికి మించి పొగుడుతున్నాము. నేను పుట్టి పెరిగింది చార్మినారుకు నడిచి పోయేంత దూరంలో. 1591లో నగరాన్ని వేసినప్పుడు నాలుగు దిక్కులకూ పోయే రెండు రాజమార్గాలను గీసి, అవి కలిసే చోట చార్మినారును నిలబెట్టారు. నాలుగు వందల ఏళ్లలో ఇళ్లన్నీ ఎన్నోసార్లు కూలి లేచినా ఆ రెండు గీతలూ కదలలేదు. అంతవరకు నిజమే. కానీ ఆ పెద్ద వీధుల నుంచి లోపలికి తిరిగితే, గల్లీలు చాలావరకు ఎవరో ఒకరి దేవిడీ (పెద్ద భవంతి) గుమ్మం దగ్గర ఆగిపోయేవే. పటం పిచ్చి గారి కూడళ్ల కొలత ప్రకారం చూస్తే మా గల్లీకి వచ్చే అంకె ‘ఒకటి’.

అయినా మాకు ఇబ్బంది అనిపించలేదంటే రెండు కారణాలు. మా గల్లీ పొడవు అరవై, డెబ్బై అడుగులు, తప్పు దారి పట్టినా తిరిగి రావడానికి నిమిషం చాలు. రెండవది, బస్తీ గల్లీకి గేటు లేదు, కాపలా లేదు, మసీదుకు పోయేవాడు, పాలు పోసేవాడు, నల్లా బాగుచేసేవాడు ఎవరి ఇంటి పక్క సందులోంచో దూరి అవతలి గల్లీలో తేలేవాడు. పటంలో లేని దారులు అవి. కాబట్టి గళ్ల నగరం, చెట్టు నగరం అన్న తేడా కంటే, ముక్క ఎంత పెద్దది, మనిషిని నడిచి పోనిస్తారా లేదా అన్నదే అసలు తేడా అని నేననుకుంటాను.

పెద్ద ముక్కల తప్పంతా వెంచర్ల మీదకే నెట్టడం కూడా న్యాయం కాదు. మిలిటరీ భూములు, విశ్వవిద్యాలయాలు, బీహెచ్‌ఈఎల్, ఐడీపీఎల్ లాంటి ప్రభుత్వ రంగ సంస్థల ఆవరణలు వందల, వేల ఎకరాల చొప్పున గోడ కట్టుకుని దశాబ్దాల క్రితమే కూర్చున్నాయి. గేటెడ్ కమ్యూనిటీ అన్న మాట పుట్టకముందే మనకు గేట్లున్నాయి. సికింద్రాబాదు కంటోన్మెంటులో రోడ్లు మూసినప్పుడు మల్కాజిగిరి వైపు వారు పడ్డ కష్టం గుర్తుండే ఉంటుంది. 2018 మేలో రక్షణ శాఖ దేశంలోని కంటోన్మెంట్లలో మూసిన రోడ్లను తెరవమని ఆదేశించవలసి వచ్చింది.


జవాబు: గేటు కార్యదర్శి

నేను ఈ చర్చలో విలన్ పాత్ర వేయడానికి వచ్చాను. మా కాలనీ సంక్షేమ సంఘానికి రెండేళ్లు కార్యదర్శిగా చేశాను, గేటు మూయించింది నేనే.

అయ్యా, అమ్మా, ఎవరూ సరదాకు గేటు పెట్టరు. మా కాలనీ మధ్య వీధి అటూ ఇటూ తెరిచి ఉన్న రోజుల్లో పెద్ద రోడ్డు మీద సిగ్నలు తప్పించుకోవాలని ఉదయం ఎనిమిది నుంచి పది దాకా కార్లు, క్యాబులు, నీళ్ల ట్యాంకర్లు అన్నీ మా ఇళ్ల ముందు నుంచే పోయేవి. 30 అడుగుల వీధి అది. ఒక ట్యాంకరు వెనక్కి వస్తూ మా పక్కింటి పెద్దాయన్ను తగిలింది, ఆయన మూడు నెలలు మంచం మీద ఉన్నారు. ఆ వారంలోనే సమావేశం పెట్టి, చందాలు వేసుకుని గేటు పెట్టాము. చుట్టుపక్కల అన్ని కాలనీలూ మూసుకున్నప్పుడు, తెరిచి ఉంచిన ఒక్క కాలనీ మీదే ఊరి వాహనాలన్నీ పడతాయి. అందువల్ల అది కూడా మూసుకుంటుంది. మా తరువాత మా వెనక కాలనీ వారు అదే చేశారు.

ఆ తరువాత జరిగింది కూడా చెప్పాలి. మా వెనక కాలనీలో మందుల దుకాణం ఉంది, ట్యూషను చెప్పే టీచరుగారు ఉన్నారు, కూరగాయల బండ్లు ఆగే చోటు ఉంది. గేటు పడ్డాక అవన్నీ మాకు ఆటో దూరమయ్యాయి. మొదట గొడవ చేసింది గేటు కోసం చేతులెత్తినవారే. చివరికి వెనక గోడకు ఒక మూల మూడడుగుల సందు తీసి, ఒక పక్కగా ఇనుప గొట్టం ఒకటి పాతించాము. మనిషి పోతాడు, సైకిలును కాస్త వంచితే పోతుంది, మోటారు సైకిలు పోదు. పొద్దున అయిదింటి నుంచి రాత్రి పదింటి దాకా తెరిచి ఉంటుంది. గొట్టానికి, గోడకు మధ్య ఎంత వదలాలన్న దాని మీద మాత్రం మూడు సమావేశాలు జరిగాయి. చివరకు ఒక మామ్మగారి చక్రాల కుర్చీ తెచ్చి కొలిచి పెట్టాము. స్కూటీ పట్టేస్తోందని కొందరికి ఇప్పటికీ అభ్యంతరమే.


జవాబు: ఆష్‌బర్న్ తెలుగు

నేను ఉత్తర వర్జీనియాలో ఉంటున్నాను. మీ గోడల కథ చదువుతుంటే, అడ్డుగా ఉన్నది గోడ కాక పచ్చిక కావడమే తేడా అనిపించింది.

ఇక్కడ ఇళ్ల వీధి చివర గుండ్రంగా, కారు తిప్పుకోవడానికి వీలుగా, మూసుకుపోయి ఉంటుంది. ఇది ఏదో యాదృచ్ఛికంగా వచ్చిన అలవాటు కాదు. 1930లలో ఇళ్ల రుణాలకు పూచీ ఇచ్చే ఫెడరల్ హౌసింగ్ సంస్థ, గళ్ల వీధుల కంటే వంపు వీధులు, మూసిన వీధులు మేలని ప్రచారం చేసింది. అప్పు పుట్టాలంటే ఆ నమూనా ప్రకారం కట్టడం మంచిదని బిల్డర్లు అనుకున్నారు. రెండు తరాల తరువాత ఆ వీధుల వెంట పసుపు రంగు బడి బస్సు ప్రతి ఇంటి మలుపులోనూ తిరగవలసి వస్తోంది, మా ఇంటి వెనక వీధిలోని మిత్రుడింటికి పోవాలంటే నేను కారు తీయాలి.

ఇక్కడొక ప్రయోగం జరిగింది, మీకు పనికి రావచ్చు. వర్జీనియాలో చాలా కౌంటీలలో కాలనీ రోడ్లను కౌంటీ కాదు, రాష్ట్రమే బాగుచేస్తుంది. 1932 నుంచి అదే ఏర్పాటు. బిల్డరు రోడ్డు వేసి రాష్ట్రానికి అప్పగిస్తాడు, ఆపైన గుంతలు, మంచు అన్నీ రాష్ట్రం బాధ్యత. 2009లో రాష్ట్రం ఒక షరతు పెట్టింది: కొత్త కాలనీ వీధులు పక్క స్థలాలతో ఇన్నిచోట్ల కలవాలి, కలవకపోతే మేము ఆ రోడ్లను తీసుకోము, మీరే బాగుచేసుకోండి అని. కలయికకు ఒక సూచిక కూడా నిర్ణయించారు, వీధి ముక్కలను కూడళ్లతో భాగించి. పై మిత్రులు చెప్పిన లెక్క లాంటిదే. గోడ కట్టవద్దని ఎవరినీ శాసించలేదు, గోడకు ఖర్చు ఎవరు పెట్టుకోవాలో మాత్రం చెప్పారు. బిల్డర్లు, కొన్ని స్థానిక సంస్థలు అంకె మరీ కఠినంగా ఉందన్నాయి. 2011లో ఆ సూచికను తీసేసి, ఒకటి కంటే ఎక్కువ దిక్కుల్లో కలపాలన్న నియమాన్ని ఉంచారు.

నా కళ్ల ముందు జరిగిన చిన్న విషయం కూడా చెప్పాలి. మా కాలనీలో ఒక వీధి అడవి అంచున ఆగిపోయి ఉండేది, అక్కడ ఎర్ర, తెలుపు చారల కంచె పెట్టి, ఈ వీధిని భవిష్యత్తులో పొడిగిస్తారని బోర్డు రాసి ఉండేది. పదేళ్ల తరువాత అవతలి స్థలంలో ఇళ్లు వచ్చి ఆ కంచె తీయబోతే, ఆ వీధి చివర ఇల్లు కొన్నవారే కౌంటీ సమావేశానికి వచ్చి గట్టిగా వ్యతిరేకించారు. బోర్డు వాళ్ల వంటింటి కిటికీలోంచి కనపడేదే. అయినా చివరకు కంచె తీశారు, బోర్డు ఉండబట్టే తీయగలిగారు.


జవాబు: సబర్మతి తీరం

క్లుప్తంగా చెబుతాను. అహమ్మదాబాదులో ప్లానింగు పనిలో ఉన్నాను. ఇక్కడ ఒక్కొక్క వెంచరుకు కాక, ఒక ప్రాంతంలోని వంద హెక్టార్ల చొప్పున భూమి మొత్తానికి ఒకేసారి వీధులు గీస్తారు. దానిని టౌన్ ప్లానింగ్ స్కీము అంటారు, 1915 నాటి బొంబాయి చట్టం నుంచి వస్తున్న పద్ధతి. రైతులందరి గట్లనూ చెరిపి, ముందు రోడ్లకు, పార్కులకు స్థలం తీసి, మిగిలిన దానిని ఎవరి వాటా వారికి చదరంగా చేసి, ప్రతి ముక్కకూ రోడ్డు తగిలేలా తిరిగి ఇస్తారు. భూమి విస్తీర్ణం తగ్గుతుంది, విలువ పెరుగుతుంది. ఇక్కడి 76 కిలోమీటర్ల సర్దార్ పటేల్ రింగ్ రోడ్డుకు స్థలం చాలావరకు ఈ విధంగానే వచ్చింది.

మన వైపు ఇది తెలియని విషయం కాదు. ఉప్పల్ భగాయత్‌లో రైతులకు ఎకరాకు 1,000 గజాల చొప్పున అభివృద్ధి చేసిన ప్లాట్లు ఇచ్చారు. అమరావతిలో 2015 నుంచి జరిగిన భూసమీకరణలో మెట్ట భూమికి ఎకరాకు 1,000 గజాలు ఇళ్లకు, 250 గజాలు వాణిజ్యానికి, జరీబుకు, అంటే నీటి వసతి ఉన్న సారవంతమైన భూమికి, 1,000, 450 గజాలు అన్నారు. రాజధాని ఆగి సాగిన కథ వేరే చర్చ, దానిలోకి నేను దిగను. ఇక్కడ చూడవలసింది వరుసను: ముందు వీధి, తరువాత ప్లాటు. మీ కొల్లూరు వైపు ఇప్పటికే ప్లాట్లు అమ్ముడైపోయాయి కాబట్టి ఈ మందు ఔటర్ బయటి ఊళ్లకు పనిచేస్తుంది, మీకు పనిచేయదు. మీకు గేటు కార్యదర్శి గారి మూడడుగుల సందే గతి.


కొల్లూరు బాటసారి మళ్లీ రాసినది:

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. పటం పిచ్చి గారు చెప్పినట్టు గేట్లు గుర్తించడం మొదలుపెట్టాను. మా ఇంటి నుంచి బడి వరకు ఉన్న ముక్కలో ఒక్క ఆదివారం ఉదయం పదకొండు గేట్లు లెక్క వచ్చాయి, వాటిలో రెండింటికి కాపలా మనిషి లేడు, తాళం మాత్రం తుప్పు పట్టి ఉంది.

గేటు కార్యదర్శి గారు చెప్పిన వాహనాల భయం మా అపార్ట్‌మెంటులోనూ ఉంది. అందుకే మేము రోడ్డు అడగడం లేదు, నడిచే దారి చాలు. మా సంఘం సమావేశంలో ఈ మాట ఎత్తితే, విల్లాల వారు ఒప్పుకోరని ముందే తీర్మానించేశారు. విల్లాల వారిని నేనే వెళ్లి అడిగితే, మీ అపార్ట్‌మెంటు వారు ఒప్పుకోరట కదా అని వారన్నారు.

గొలుసు లెక్క గారికి ఒక ప్రశ్న. మా వీధి చివర ఉన్న పాత ఊరి పెద్దమనిషి ఒకాయన, మా గోడ ఉన్నచోట ఇదివరకు బండ్ల బాట ఉండేదని, ఎడ్లబండ్లు చెరువు కట్ట దాకా దాని మీదే పోయేవని చెప్పారు. ఆయన దగ్గర ఉన్న ఊరి నక్ష జిరాక్సులో రెండు సర్వే నంబర్ల నడుమ చుక్కల గీతలు జంటగా పోతున్నాయి. అవి సరిగ్గా ఆ ఇటుకల మెట్ల వైపే పోతున్నట్టు నాకు కనిపిస్తోంది. జిరాక్సు ఎన్నోసార్లు తీసింది కావడంతో అంకెలు చదవడానికి వీలు లేదు. ఇది దేనికైనా పనికి వస్తుందా?


జవాబు: గొలుసు లెక్క

జంట చుక్కల గీత బాట గుర్తే. పనికి వస్తుంది, కానీ జిరాక్సుతో కాదు. జిల్లా సర్వే, భూరికార్డుల శాఖ సహాయ సంచాలకుల కార్యాలయంలో ఆ ఊరి నక్షకు, ఆ రెండు సర్వే నంబర్ల టిప్పన్లకు (ఒక్కొక్క నంబరు కొలతల చిత్తు పటాలకు) ధ్రువీకరించిన నకళ్లు అడగండి. నక్షలో బాట ఎక్కడ పోతుందో మాత్రమే తెలుస్తుంది, గట్ల కొలతలు టిప్పన్‌లో ఉంటాయి. సేత్వార్ (మొదటి భూమి సెటిల్‌మెంటు రికార్డు) నకలు కూడా అడగండి, బాటను పట్టాలో కలిపి చూపారా, విడిగా వదిలారా అన్నది అందులో తేలుతుంది. విడిగా వదిలి ఉంటే దానిని ఎవరూ అమ్మలేరు, ఎవరూ కొనలేరు. పట్టాలో కలిసి ఉంటే మీ వాదన బలహీనం, అప్పుడు సందు కోసం బతిమాలుకోవడమే.

నకళ్లు చేతికి వచ్చాక హద్దులు నేల మీద గుర్తించడానికి సర్వేయరును పెట్టుకోండి. కొలిచే రోజున విల్లాల సంఘం వారిని కూడా రమ్మని ముందుగా కాగితం ఇవ్వండి, వారు రాకపోయినా ఇచ్చినట్టు సంతకం ఉండాలి. ఆ లోపల ఇటుకలు తీయవద్దని మీ సెక్యూరిటీ వారికి చెప్పండి.